నైట్ షిఫ్ట్ రీడింగులు రాసిపెట్టే పైవీసా

చర్లపల్లిలో మాది చిన్న టెస్టింగ్ షెడ్డు. చార్జర్ బోర్డులకు రాత్రంతా బర్న్-ఇన్ (లోపాలు బయటపడేలా ఆపకుండా నడిపి చూసే పరీక్ష) ఉంటుంది, నిమిషానికో వోల్టేజ్ రీడింగ్ కావాలి. ఇదివరకు కుర్రాడొకడు మీటరు ముందు కూర్చుని రాసేవాడు. తెల్లవారుజాము అంకెలన్నీ అనుమానంగా ఒకేలా ఉండేవి! ఇప్పుడా పని పైవీసా చేస్తోంది.

ఇది కంప్యూటర్ నుంచి కొలత పరికరాలతో మాట్లాడటానికి పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో వాడే ఉచిత లైబ్రరీ, అంటే రెడీమేడ్ కోడ్. మీటరు యూఎస్‌బీతో ఉన్నా, ల్యాన్‌తో ఉన్నా ప్రోగ్రాం దాదాపు అదే. పరికరాలకిచ్చే కమాండ్ల కోసం 1990లో వచ్చిన స్కిపీ (SCPI) ప్రమాణాన్ని పాటించే మీటరైతే, స్టార్ ఐడీఎన్ (*IDN?) ప్రశ్న పంపగానే కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు చెప్పేస్తుంది. పైవీసా-పై అనే తోడు లైబ్రరీ కూడా వేసుకుంటే బరువైన డ్రైవర్ ప్యాకేజీల గోల ఉండదు.

చిరాకంతా టెర్మినేషన్ దగ్గరే, అంటే కమాండ్ ముగిసిందని చెప్పే గుర్తుల దగ్గర. పైవీసా మామూలుగా కమాండ్ చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ రెండూ కలుపుతుంది. మా చవక పవర్ సప్లైకి లైన్ ఫీడ్ ఒక్కటే కావాలి. దాని మాన్యువల్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు. అది సెట్ చేసేదాకా టైమవుట్ (జవాబు కోసం ఆగే గడువు దాటిందనే) ఎర్రర్లే. టైమవుట్ కూడా మామూలుగా 2 సెకన్లే, నెమ్మదిగా కొలిచే మీటరుకు పెంచుకోవాలి. ఇంకోటి, సెట్టింగ్ మార్చాక ఎర్రర్ క్యూ (పరికరం తనలో దాచుకునే తప్పుల జాబితా) తప్పక అడగండి. తప్పు కమాండ్ వెళ్లినా కొన్ని పరికరాలు కిక్కురుమనవు. తప్పులేవీ లేవని సున్నా జవాబొస్తేనే అవుట్‌పుట్ ఆన్ చేయండి.

పైథాన్ కాస్త వచ్చినా చాలు, పెట్టుకోవచ్చు. 5కి నాలుగున్నర ఇస్తాను.