ప్రార్థన మందిరంలోనా, ఇంటికి వెళ్లా?

బాధలో ఉన్నవాళ్లకు ఆరాధన అయ్యాక మందిరంలోనే (చర్చిలోనే) ప్రార్థన చేసి పంపాలా, వాళ్లింటికి వెళ్లి కూర్చోవాలా? పరిచర్యలోకి, అంటే సంఘ సేవలోకి, కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడుగుతుంటారు.

సమయం: మందిరంలో ఐదు నిమిషాలు, వెనక ఇంకో పదిమంది. ఇంటికైతే ఒక సాయంత్రం.

వినడం: అసలు తేడా ఇక్కడే. మందిరంలో "తలనొప్పి అయ్యగారూ, ప్రార్థన చేయండి" అన్న అక్కే, ఇంట్లో టీ గ్లాసు మన చేతికిచ్చి, కొంగుతో కళ్లొత్తుకుంటూ, కొడుకు మూడు నెలలుగా ఫోన్ చేయట్లేదని చెబుతుంది. అప్పుడు వెంటనే వాక్యం ఎత్తుకోకండి. బైబిల్లో, అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోపాటు మౌనంగా నేలమీద కూర్చున్నారు (యోబు 2:13). నోరు తెరిచాకే చెడగొట్టారు. "దేనికోసం ప్రార్థించమంటావమ్మా?" అని అడిగి, ఆమె మాటల్నే ప్రభువు ముందు పెట్టండి.

ప్రమాదం: మందిరంలో మైకు. గుట్టుగా చెప్పుకున్నది ప్రార్థనలో బయటపడితే ఆ మనిషి మళ్లీ నోరు విప్పదు. ఇంట్లో అత్తమామలు వింటుంటారు. ఒంటరి స్త్రీ ఇంటికి మగవాళ్లు ఒక్కరే వెళ్లొద్దు, సంఘంలో పెద్దక్కను తోడు తీసుకెళ్లాలి.

పరీక్షలు, ఉద్యోగం, ప్రయాణం అయితే మందిరం చాలు. చావు జరిగిన ఇంటికి, మంచం పట్టినవాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే. రోగి సంఘపెద్దలను పిలిపించుకోవాలనే యాకోబు 5:14 చెబుతోంది. కొట్టేవాడు ఇంట్లోనే ఉంటే మాత్రం మందిరంలోనే, పక్క గదిలో, ఒక అక్క దగ్గర మాట్లాడించండి. ప్రార్థనతోపాటు 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరూ ఇవ్వండి.