పాత హోల్డెన్‌లో మెల్‌బోర్న్ నుంచి బర్డ్‌వుడ్ దాకా

మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ వెళ్ళే మనవాళ్ళు సాధారణంగా విమానం ఎక్కుతారు, లేదంటే గ్రేట్ ఓషన్ రోడ్డు పట్టుకుంటారు. బల్లారట్, హార్షమ్, బోర్డర్‌టౌన్ మీదుగా పోయే లోపలి దారి పేరెత్తితే "అక్కడేముంది, గోధుమ పొలాలేగా" అంటారు. సెప్టెంబరు చివర్లో నేనూ మా ఆవిడా 1964 నాటి ఈహెచ్ హోల్డెన్‌లో ఆ దారినే వెళ్ళాం. హోల్డెన్ అంటే ఆస్ట్రేలియా కార్ల కంపెనీ, ఈహెచ్ దాని మోడల్. దూరం సుమారు 725 కిలోమీటర్లు. పాత బండి ఉన్నవాళ్ళకి నేను ఈ దారే చెప్తాను. బస విషయంలోనూ రిపేరు విషయంలోనూ పెద్ద ఊళ్ళకన్నా ఈ చిన్న ఊళ్ళే మమ్మల్ని బాగా చూసుకున్నాయి.

ముందు బండి సంగతి. ఈహెచ్ 1963 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చింది. ఏడాదిన్నరలోనే రెండున్నర లక్షలకు పైగా తయారయ్యాయి. హోల్డెన్ వాళ్ళ 'రెడ్ మోటార్' అనే ఎర్ర రంగు ఇంజను మొదట వచ్చింది ఇందులోనే. మాది 149 క్యూబిక్ అంగుళాల ఇంజను, అంటే దాదాపు 2.4 లీటర్లు. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, మొత్తం మూడు గేర్లు. ఒక రైతు షెడ్డులో గడ్డి మోపుల వెనక చాలాకాలం నిలబడిపోయిన బండి ఇది. ఇంజను సుఖంగానే తిరిగింది. డబ్బంతా తినేసింది టింకరింగ్ పనే. తలుపుల కింద సిల్స్, కాళ్ళ కింద రేకు, ముందు మడ్‌గార్డుల అడుగుభాగం అన్నీ తుప్పు పట్టిపోయాయి. కుళ్ళిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేయించడానికి అయిన ఖర్చులో ఇంజను ఖర్చు నాలుగో వంతు కూడా లేదు. పాత హోల్డెన్ కొనాలనుకునేవాళ్ళు బానెట్ ఎత్తే ముందు బండి కిందికి దూరి చూడండి. ఇంకో మాట, తలుపు రబ్బర్ల నుంచి వెనక లైటు అద్దాల దాకా ఈ మోడల్‌కి ఇప్పటికీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. మొదటిసారి పాత కారు బాగుచేయించుకునేవాళ్ళకి అదే పెద్ద ధైర్యం.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఇలాంటి బండికి పూర్తి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, క్లబ్ పర్మిట్ చాలు. గుర్తింపు ఉన్న పాత కార్ల క్లబ్బులో సభ్యత్వం ఉండాలి. ఏడాదికి 45 రోజులో 90 రోజులో ఎంచుకుని, బండి తీసే ప్రతి రోజూ కదిలే ముందే లాగ్‌బుక్‌లో రాయాలి. పక్క రాష్ట్రానికి వెళ్తుంటే ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలోనే పెట్టుకోండి.

స్పీడోమీటర్ మైళ్ళలో ఉంటుంది. ఈ దేశం రోడ్ల మీద కిలోమీటర్లకి మారింది 1974లో. 55 మైళ్ళ దగ్గర, అంటే గంటకి 90 కిలోమీటర్ల దగ్గర, ఇంజను హాయిగా ఉంటుంది. రోడ్డు మీద పరిమితి మాత్రం చాలా చోట్ల 110. బల్లారట్ దాటాక రెండు ట్రైలర్ల లారీలు వెనకే వచ్చేస్తుంటే మొదట టెన్షన్‌గానే ఉంటుంది. అయితే ఓవర్‌టేకింగ్ లేన్లు తరచూ వస్తాయి, ఓపికగా ఎడమ పక్కన పోతే ఎవరూ విసుక్కోరు. చాలామంది చెయ్యి ఊపి వెళ్తారు. అరారట్‌లో పెట్రోలు పోయించాం. 2002 నుంచి సీసం కలిపిన పెట్రోలు లేదు కాబట్టి, వాల్వు సీట్లు మార్పించని పాత ఇంజన్లకి ట్యాంకు నింపినప్పుడల్లా సీసం బదులు వాల్వుల్ని కాపాడే మందు విడిగా కలపాలి. ఇథనాల్ కలిసిన ఈ10 మాత్రం వద్దే వద్దు, పాత రబ్బరుని తినేస్తుంది.

మొదటి రాత్రి హార్షమ్‌లో. ఊరి మొదట్లో ఉన్న పాతకాలపు మోటెల్, గది తలుపు ముందే పార్కింగ్. కిటికీలోంచి బండి కనపడుతుంది, పొద్దున్నే నూనె కారిందో లేదో గుమ్మంలోంచే చూసుకోవచ్చు. యజమానురాలు బండి చూడగానే, "మంచు పడుతుంది, వెనక షెడ్డులో పెట్టేయండి" అని తాళం తెచ్చిచ్చింది. గది పాతదే, బాత్రూము ఇరుకు, గోడకి హీటరు చప్పుడు. అయినా ఈ ప్రయాణంలో అన్నిటికన్నా మంచి బస అదే. పొద్దున దారి మళ్ళి 30 కిలోమీటర్లు పోయినా సరే, మర్టోవాలోని స్టిక్ షెడ్ చూడండి. యుద్ధ కాలంలో ఎగుమతి ఆగిపోయిన గోధుమలు దాచడానికి 1941లో కట్టిన గిడ్డంగి. లోపల అయిదొందలకు పైగా చెట్టు మొదళ్ళు, చిత్రిక పట్టకుండా అలాగే నిలబెట్టారు. వెయ్యి స్తంభాల గుడి చూసినవాళ్ళం కూడా అక్కడ నోరెళ్ళబెట్టి నిలబడ్డాం. తెరిచి ఉండే వేళలు ముందు కనుక్కుని వెళ్ళండి.

డింబూలా దాటాక రోడ్డు పక్కనే పింక్ లేక్. ఉప్పు తేలి లేత గులాబీ రంగులో ఉంది, పది నిమిషాలు ఆగితే చాలు. నిల్ ఊరి దగ్గరకొచ్చేసరికి బండి దగ్గడం మొదలెట్టింది, పెట్రోలు వాసన. ఇంజను పక్కన ఉండే పెట్రోలు పంపులో డయాఫ్రం చిరిగింది. రోడ్డుసాయం కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ళ జాబితాలో మా మోడల్ దొరకలేదు. చివరికి "టో చేస్తాం, మూడు గంటలు పట్టొచ్చు" అన్నారు. నేను ఏటా కట్టే డబ్బుకి ఆ జవాబు ఏమీ బాగాలేదు. ఊళ్ళో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో అడిగితే ఒక పెద్దాయన తన భోజనం పక్కన పెట్టి వచ్చారు. నా డిక్కీలో ఉన్న పంపు కిట్టు తీసుకుని, పైప్ విప్పి, ముప్పావు గంటలో తేల్చేశారు. కూలీ కూడా చాలా తక్కువ తీసుకున్నారు. పంపు కిట్టు, ఫ్యాన్ బెల్టు, పాయింట్లు, కండెన్సరు, రేడియేటర్ గొట్టాలు ఇవి లేకుండా ఈ దారిలో రావద్దు. వస్తువు చేతిలో ఉంటే పని తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళలో ఇంకా ఉన్నారు.

సౌత్ ఆస్ట్రేలియా సరిహద్దులోకి పళ్ళు, టమాటాలు తీసుకెళ్ళకూడదు, పండు ఈగ భయం. పట్టుబడితే జరిమానా గట్టిగానే ఉంటుంది. మేము చింతపండు పులిహోర కట్టుకెళ్ళాం, దానికి ఏ ఇబ్బందీ లేదు. గడియారం అరగంట వెనక్కి తిప్పుకోవాలి. కూనల్‌పిన్‌లో ధాన్యం గాదెల మీద ఆ ఊరి పిల్లల బొమ్మలు ఎంతెత్తున వేశారో, బండి ఆపకుండా ఉండలేం.

అడిలైడ్ లోకి దిగకుండా మౌంట్ బార్కర్ నుంచి పక్కకి తిరిగి హాన్‌డార్ఫ్‌లో బస చేశాం. 1839లో జర్మన్లు కట్టుకున్న ఊరు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నా సెలవుల్లో కిటకిటలాడింది. కాటేజీ అద్దె హార్షమ్ గదికి రెండింతలు, బండి వీధిలోనే పెట్టుకోవాల్సి వచ్చింది. శాకాహారులకి పెద్దగా ఏమీ దొరకదు. అక్కడి నుంచి వుడ్‌సైడ్, చార్ల్‌స్టన్ మీదుగా బర్డ్‌వుడ్ వెళ్ళే దారి మాత్రం మా బండి కోసమే వేసినట్టుంది, వంపులు, చెట్ల నీడ, నెమ్మదైన ట్రాఫిక్.

బర్డ్‌వుడ్‌లో పాత పిండి మర చుట్టూ ఉన్నది నేషనల్ మోటార్ మ్యూజియం. గంటలో చూసేద్దామనుకుంటే కుదరదు, కనీసం సగం రోజు ఉంచుకోండి. 1908లో హ్యారీ డటన్, ముర్రే ఆంగర్ అడిలైడ్ నుంచి డార్విన్ దాకా నడిపిన టాల్బట్ కారు అక్కడుంది. బర్డ్స్‌విల్ ఎడారి దారిలో టామ్ క్రూజ్ (సినిమా నటుడు కాదు, అదే పేరున్న తపాలా డ్రైవరు) ఉత్తరాలు మోసిన లేలాండ్ బ్యాడ్జర్ లారీ ఉంది. దాని ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఆ లారీని మళ్ళీ నిలబెట్టడానికి ఎంత రేకు, ఎంత ఓపిక పట్టి ఉంటుందో ఆ పని చేయించినవాళ్ళకి అర్థమవుతుంది.

అడిలైడ్ లోకి దిగే ఫ్రీవే మాత్రం జాగ్రత్త. నిటారు వాలు, మాకేమో నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు, బ్రేకు నొక్కడానికి సాయపడే సర్వో లేదు. పై నుంచే రెండో గేరులో దిగాం. సిటీ హోటల్లో గది దివ్యంగా ఉంది కానీ, సెల్లారు పార్కింగ్ ర్యాంపు అంత ఇరుకు వంపు ఈ స్టీరింగ్‌తో తిరగదు. బండిని స్నేహితుడి ఇంట్లో పెట్టి మేము ట్యాక్సీలో హోటల్‌కి వెళ్ళాం. ఇంకోసారైతే సిటీలో దిగను.

ఆ స్నేహితుడి నాన్నగారు గుంటూరు జిల్లాలో ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి ఇంజను విన్నారు. "బాబూ, టాపెట్ సెట్టింగ్ ఎంత పెడతావ్?" అన్నారు. "హైడ్రాలిక్ లిఫ్టర్లండీ బాబాయిగారూ, వాల్వుల సందు అవే సర్దుకుంటాయి, సెట్టింగ్ ఉండదు" అన్నాను. "అరవై మూడులోనే?" అని మళ్ళీ వంగి చాలాసేపు విన్నారు. మర్నాడు ఆయన్ని కూడా ఎక్కించుకుని ఎలిజబెత్ వెళ్ళాం. 2017 అక్టోబరు 20న ఆస్ట్రేలియాలో ఆఖరి హోల్డెన్ తయారైన ఫ్యాక్టరీ అక్కడే. ఇప్పుడు వేరే వ్యాపారాలకి అద్దెకిస్తున్నారు, లోపల చూడ్డానికి ఏమీ లేదు. దాని కోసమే అడిలైడ్ రావక్కర్లేదు. ఆయనకి మాత్రం గేటు దగ్గర బండితో ఫొటో కావాలన్నారు, తీశాం. తిరుగు ప్రయాణంలో హార్షమ్‌లో అదే మోటెల్‌కి ఫోన్ చేసి, షెడ్డు ఖాళీగా ఉందని చెప్పాకే అడిలైడ్ నుంచి బయల్దేరాం.