పానోరామ్ కొనేముందు వెనక తలుపు తీయించండి

షికాగోలోని మిల్స్ నావెల్టీ కంపెనీ 1940లో తెచ్చిన పెట్టె ఇది. పది సెంట్ల నాణెం వేస్తే మూడు నిమిషాల పాట తెర మీద ఆడేది. సౌండీలు అనే ఈ పాటలు 1947 దాకా 1,800కు పైగా తయారయ్యాయి. పాత సామాన్ల వేలంలో పెట్టె కనబడితే చెక్క నగిషీ చూసి ధర ఒప్పుకోకండి, వెనక తలుపు తీయించి లోపల చూడండి.

లోపల 16 ఎం.ఎం. ప్రొజెక్టరు, అద్దాలు, ముందు గరుకు గాజు తెర ఉంటాయి. ఎనిమిది పాటల్ని కలిపి, చివరను మొదలుకు అతికించిన ఒకే ఫిల్ము చుట్ట. పాట ఎంచుకునే వీల్లేదు. మీకు నచ్చింది ఇప్పుడే అయిపోయిందా, మళ్లీ రావాలంటే 80 సెంట్లు. జ్యూక్‌బాక్సులో ఐదు సెంట్లకే అడిగిన పాట మోగే రోజుల్లో ఇది చిన్న లోపం కాదు.

నిమిషానికి 36 అడుగుల లెక్కన చుట్ట 860 అడుగుల దాకా వస్తుంది. పొరలు ఒకదానిమీదొకటి రాసుకుంటూ జారతాయి కాబట్టి ఫిల్ము ఎండితే తెరంతా వానగీతలే. వెనిగర్ వాసన వస్తే అసలు ఎక్కించొద్దు. అది కుంచించుకుపోయి ఉంటుంది, పళ్లచక్రం చిల్లుల్ని చింపేస్తుంది. బొమ్మ ఎగిరిన సెకనుకు శబ్దం కూడా తెగిందంటే అక్కడ అతుకు ఉన్నట్టే: సౌండ్ ట్రాక్ బొమ్మకన్నా 26 ఫ్రేములు ముందుంటుంది.

శబ్దం సన్నగా వస్తే యాంప్లిఫైయర్ విప్పకండి, ముందు ఎక్సైటర్ ల్యాంపు (ఫిల్ము అంచున ఉన్న సౌండ్ ట్రాక్ మీద వెలుగు వేసే బల్బు) నల్లబడిందేమో చూడండి. గుయ్యిమని మోగితే ఫిల్టర్ కండెన్సర్లు మార్చాలి. అద్దాలకు పూత ముందువైపు ఉంటే గుడ్డతో తుడవకండి, గాలి ఊదితే చాలు.

ఇండియాకు తెచ్చుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టుల్ని 115 చేస్తుంది కానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయదు. మోటారు హెర్ట్జ్ మీద నడిచేదైతే 24 ఫ్రేములు 20కి పడిపోతాయి, పాట మూడు అరస్వరాలు దిగుతుంది. పుల్లీ మార్చాలి, లేదా ఫ్రీక్వెన్సీ కన్వర్టరు పెట్టాలి.

విడి ప్రింట్లు కొనేవాళ్లకు ఇంకో చిక్కు. అద్దాల కోసం బొమ్మను తిరగేసి ముద్రించారు, మామూలు ప్రొజెక్టర్లో అక్షరాలు తలకిందులు కావు గానీ ఎడమకుడులవుతాయి. ఫిల్మును తిప్పి ఎక్కిద్దామంటే చిల్లులు ఒకే అంచున ఉన్నాయి, కుదరదు. డిజిటల్ చేయిస్తే ఒక్క క్లిక్కుతో సరిపోతుంది.

పాటలు చూడ్డమే కావాలంటే పెట్టె జోలికే పోవద్దు. అమెరికా సినిమా పంపిణీ సంస్థ కినో లోర్బర్ 2023లో నాలుగు బ్లూరేల్లో 200 సౌండీలు ఇచ్చింది. బ్లూరేలకు ప్రాంతాల తాళం ఉంటుంది: అమెరికా డిస్కులు రీజియన్ ఏ, ఇండియా సి. ప్లేయరు చూసుకుని కొనండి. డ్యూక్ ఎల్లింగ్టన్, ఫ్యాట్స్ వాలర్, డొరొతీ డాండ్రిడ్జ్‌లాంటి నల్లజాతి కళాకారులకు హాలీవుడ్ ఇవ్వని చోటు ఈ మూడు నిమిషాల్లో దొరికింది. వాయిద్యం మీద వేళ్లకూ స్వరానికీ పొంతన కుదరకపోతే డిస్కును తప్పుపట్టకండి: పాట ముందే రికార్డు చేసి, సెట్లో దానికి తగ్గట్టు నటించేవారు.