డాలస్ దగ్గర షూటింగ్ రేంజ్‌కి (తుపాకీ కాల్చి ప్రాక్టీస్ చేసే చోటు) వెళ్లొచ్చాం: రేంజ్ ఓకే, ముందున్న తుపాకుల షాప్ మాత్రం నచ్చలేదు

5కి 3 ఇస్తున్నా. రేంజ్ ఒక్కటే అయితే 4 ఇచ్చేదాన్ని, షాప్ వల్ల తగ్గించా. పేరు రాయట్లేదు.

మనవాళ్ల ఇళ్లల్లో బంగారం ఉంటుందని దొంగలు పడుతున్నారని వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే భయం, దాంతో మావారు పిస్టల్ కొందామని నెల రోజులుగా పట్టు పడుతున్నారు, సరే కొనేముందు ఒకసారి కాల్చి చూద్దామని వెళ్లాం. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన మా అన్నయ్యని కూడా తీసుకెళ్లాం.

కౌంటర్‌లో ఐడీలు బాగానే చూశారు. మాకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. అన్నయ్యది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే, విజిటర్ వీసా. వేట లైసెన్స్ లాంటిది లేకపోతే విజిటర్ వీసా, హెచ్1బీ వాళ్లు తుపాకీ పట్టుకోకూడదని ఫెడరల్ రూల్ అంట, మర్యాదగా చెప్పి అద్దం అవతల కూర్చోబెట్టారు. నేర్పించిన అబ్బాయికి ఓపిక చాలా ఎక్కువ. నా వేలు ట్రిగ్గర్ మీదకి పోయిన ప్రతిసారీ తీసి పక్కన పెట్టించాడు. పక్క లేన్‌లో ఎవరో రైఫిల్ కాలిస్తే చెవులకి శబ్దం ఆపేవి రెండు రకాలు పెట్టుకున్నా గుండెల్లో అదిరింది. వేడి ఖాళీ తూటా ఒకటి నా చొక్కా మెడలోంచి లోపల పడి బొబ్బెక్కింది.

బయటికొచ్చాక షాప్. సేల్స్ అతను మా మాట పూర్తిగా వినకుండానే బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాళ్ల మీద కేసుల్లాంటివి ఉన్నాయా అని చూడటం) కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, ఇవాళే ఇంటికి తీసుకెళ్లొచ్చు అన్నాడు. ఇంట్లో పిల్లలున్నారా అని ఒక్క మాట అడగలేదు. మాకు ఎనిమిదేళ్ల పాప ఉంది. పిస్టల్‌తో తాళం కూడా ఇవ్వాలని చట్టం, ఇస్తారంట, కానీ ఇంటికెళ్లాక అది వేశామా లేదా అని ఎవరు చూస్తారు? ఊళ్లో మా పెదనాన్నకి డబల్ బ్యారెల్ ఉండేది, ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు జేబులో పెట్టుకుని వచ్చేవాడు. తుపాకీ అంటే అడిగేవాళ్లు ఉంటారని చూస్తూ పెరిగినదాన్ని, నాకిది మింగుడు పడలేదు.

కారులో బావా బావమరుదుల వాదన మొదలైంది. 1996లో ఆస్ట్రేలియాలోని టాస్మానియా పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని చంపాక రెండు వారాలు కూడా తిరక్కుండానే అప్పటి ప్రధాని జాన్ హోవర్డ్ తుపాకీ చట్టాలు బిగించడానికి రాష్ట్రాలన్నిటినీ ఒప్పించాడు, జనం దగ్గర్నుంచి సుమారు 6.5 లక్షల తుపాకులు డబ్బిచ్చి వెనక్కి తీసుకున్నారు, ఇప్పుడక్కడ తుపాకీకి కారణం చూపించాలి, ఆత్మరక్షణ అంటే కుదరదు, కొనాలంటే 28 రోజులు ఆగాలి, తుపాకీ పెట్టే బీరువా సరిగ్గా ఉందా అని పోలీసులు ఇంటికొచ్చి చూడొచ్చు, ఇక్కడెందుకు చేయలేరు బావా అని అన్నయ్య. ఇక్కడ తుపాకులు 39 కోట్ల దాకా ఉన్నాయంటారు, మనుషులకన్నా ఎక్కువ, పైగా అది ఇక్కడ రాజ్యాంగంలో ఉన్న హక్కు, ఇంట్లో పిస్టల్ పెట్టుకోవడం వ్యక్తి హక్కే అని సుప్రీంకోర్టు 2008లో చెప్పేసింది, మీ ఆస్ట్రేలియాలో ఆ గొడవే లేదుగా అని మావారు.

మావారు చెప్పింది నిజమే, ఆస్ట్రేలియా చట్టం మొత్తం తెచ్చి ఇక్కడ పెట్టలేరు. కానీ కొంచెం కూడా కుదరదంటే నేను ఒప్పుకోను. కాలిఫోర్నియాలో 10 రోజులు ఆగాలి, అదీ అమెరికానే కదా. 2023 మే 6న ఇక్కడ డాలస్ దగ్గరే అలెన్ మాల్‌లో ఒకడు కాల్పులు జరిపితే ఎనిమిది మంది పోయారు, అందులో మన తెలుగమ్మాయి ఒకరు. మేం పండక్కి బట్టలు కొనేది అక్కడే. ఆ కాల్చినవాడు వాడిన రకం సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తర్వాతది దానంతటదే లోడ్ అయ్యే) రైఫిళ్లనే ఆస్ట్రేలియాలో మామూలు జనం చేతుల్లోంచి తీసేశారు, మేం వెళ్లిన షాప్‌లో అవే గోడకి వరసగా ఉన్నాయి. అది చూశాక నాకు మాట రాలేదు.

వెళ్లాలనుకుంటే వీక్‌డే పొద్దున్నే వెళ్లండి, మెడ దాకా మూసుండే టీషర్ట్ వేసుకోండి, హెచ్1బీ వాళ్లు డబ్బులు కట్టకముందే రూల్ కనుక్కోండి. పిస్టల్ సంగతి అంటారా, 28 రోజులు ఆగి అప్పుడు మాట్లాడుకుందాం అని మావారిని ఒప్పించా. ఇవాళ్టికి పదకొండు రోజులు.