నానో సిల్వర్ డ్రెస్సింగ్: నీళ్లతో తడిపితే మందు, సెలైన్‌తో తడిపితే ఉత్త గుడ్డ

కాలిన గాయాల మీదా, చీము పట్టిన పుండ్ల మీదా కొన్నేళ్లుగా నానో సిల్వర్ (అతి సన్నటి వెండి స్ఫటికాలు పూసిన గుడ్డ) కట్టీ విప్పీ మేం తేల్చుకున్నది ఇదీ: మొదటి రెండు వారాల్లో దీనికి సాటి వచ్చేవి తక్కువ. ఆ తర్వాత కూడా అదే పుండు మీద అలవాటుగా కడుతూ పోతే డబ్బు దండగ, పుండు మాత్రం అక్కడే ఉంటుంది. ‘వాడాం, పని చెయ్యలేదు’ అని పక్కన పెట్టేసిన చోట ఆరా తీస్తే, చాలాసార్లు తప్పు డ్రెస్సింగుది కాదు, దాన్ని తడిపిన తీరుది.

ఈ తరహాలో బాగా పేరున్నది యాక్టికోట్. కెనడాలో రాబర్ట్ బరెల్ బృందం 1990లలో రూపొందించింది. మామూలు రకంలో మూడు పొరలుంటాయి: పైనా కిందా వెండి పూసిన పాలిఎథిలీన్ వల, మధ్యలో రసి పీల్చుకునే రేయాన్, పాలియెస్టర్ గుడ్డ. ఆ వెండి స్ఫటికాలు దాదాపు 15 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షో వంతు ఒక నానోమీటరు). వెండి గిన్నెలో నీళ్లు పోసి ఉంచితే కరిగేది లెక్కలోకి రాదు. అదే వెండిని ఇంత సన్నం చేస్తే తడి తగిలే ఉపరితలం విపరీతంగా పెరిగి అయాన్లు (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు, సూక్ష్మజీవుల్ని చంపేవి ఇవే) విడుదలవుతాయి. అయిపోయిన కొద్దీ వెనక నుంచి మళ్లీ వస్తుంటాయి.

ఈ ‘మళ్లీ రావడం’ ఎందుకంత ముఖ్యమో పాత పద్ధతి చూస్తే తెలుస్తుంది. 1965లో కార్ల్ మోయర్ కాలిన గాయాలకు 0.5 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణం వాడుకలోకి తెచ్చాడు. అందులో వెండి సుమారు 3,200 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 3,200 పాళ్లు). అయినా కొన్ని గంటలకోసారి కట్టు మొత్తం తడపాల్సిందే. గాయం రసిలో ఉప్పు ఉంటుంది. అందులోని క్లోరైడ్ వెండిని పట్టుకుని, నీళ్లలో కరగని సిల్వర్ క్లోరైడ్‌గా మార్చేస్తుంది. నానో డ్రెస్సింగ్ విడుదల చేసేది 70 నుంచి 100 పీపీఎం మాత్రమే, కానీ మూడు రోజులు ఆగకుండా ఇస్తుంది. ఏడు రోజుల రకం కూడా ఉంది.

ఇక కట్టే పద్ధతి. ముందు పుండు శుభ్రం చెయ్యాలి. స్లఫ్ (పుండు మీద పేరుకున్న పసుప్పచ్చటి మృతకణాల పొర), చచ్చిన చర్మం ఉంటే తీసెయ్యాలి. వెండి దాని అడుగుకి చేరదు. పుండు కడగడానికి సెలైన్ (ఉప్పునీరు) వాడినా ఇబ్బంది లేదు, ఆ తడిని గాజుగుడ్డతో అద్దేస్తే చాలు. డ్రెస్సింగును మాత్రం స్టెరైల్ వాటర్‌తోనే (సూక్ష్మజీవులు లేకుండా చేసిన, ఉప్పు లేని నీళ్లు) తడపాలి. సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. దానిలో ముంచితే, గాయం మీద పని చెయ్యాల్సిన వెండి ట్రేలోనే సిల్వర్ క్లోరైడ్ అయిపోతుంది. డ్రెస్సింగ్ ట్రాలీ మీద సెలైన్ సీసా ఎప్పుడూ చేతికందేంత దూరంలో ఉంటుంది, స్టెరైల్ వాటర్ అలమారలో ఉంటుంది. తప్పు జరిగేది అక్కడే. కొత్తగా వచ్చినవాళ్లకి ఒకటికి రెండుసార్లు చెప్పాల్సింది కూడా ఇదే.

తడిపాక కనీసం 2 నిమిషాలు నీరు ఓడనివ్వాలి. పిండకూడదు. కొలతకి కత్తిరించి, యాక్టికోట్ అయితే నీలిరంగు వైపు పుండుకి ఆనేలా పరవాలి. వేరే కంపెనీవి ఎటు వెయ్యాలో ప్యాకెట్ మీద ఉంటుంది, చదివాకే చింపండి. పుండు అంచు దాటి మంచి చర్మం మీదికి ఎక్కువగా జరిపితే, రసి బాగా కారే పుండులో ఆ చర్మం నీళ్లలో నానిన వేళ్లలా తెల్లబడి ఊడుతుంది. గుంట పుండైతే గుంటలోకి మెత్తగా పొదగాలి, పైన వంతెనలా వేస్తే వెండికి పుండే తగలదు. దాని మీద గాజుగుడ్డ, పైన కట్టు. రసి తక్కువున్న కాలిన గాయంలో తడి గాజుగుడ్డ వేసి, ఆరినట్టు అనిపిస్తే మళ్లీ స్టెరైల్ వాటరే చిలకరించాలి. ఎండితే రెండు నష్టాలు: వెండి విడుదల ఆగిపోతుంది, గుడ్డ పుండుకి అతుక్కుంటుంది.

మూడో రోజు విప్పినప్పుడు కనిపించేది చూసి కంగారు పడేవాళ్లు చాలామంది. గుడ్డ మీద గోధుమరంగు మరక ఉంటుంది. పుండు మీద బూడిదరంగు పొర, చుట్టూ చర్మం మీద మసి పూసినట్టు నలుపు. తడి గాజుగుడ్డతో నెమ్మదిగా తుడవండి. పొర కదిలి కింద ఎర్రటి గ్రాన్యులేషన్ (మానుతున్న పుండులో కొత్తగా పుట్టే కండ) కనిపిస్తే అది ఉత్త మరక. తుడిచినా కదలక, తోలులా బిగుసుకుని ఉంటే చచ్చిన కండ, డాక్టరుకి చూపించాల్సిందే. చర్మం మీది మరక కొన్నాళ్లకి దానంతటదే పోతుంది. గుడ్డ అతుక్కుంటే లాగకండి, నీళ్లు పోసి నాననిస్తే వస్తుంది. లాగితే కొత్తగా పట్టిన చర్మం కూడా దాంతోపాటే వస్తుంది.

వేటితో కలపకూడదో కూడా చెప్పుకోవాలి. కింద వ్యాజిలిన్ గాజుగుడ్డ గానీ, నూనె ఆధారంగా చేసిన ఆయింట్‌మెంట్ గానీ ఉంటే తడి వెండికి అందదు. అయోడిన్ ఉన్న బెటాడిన్‌తో కడిగితే పూర్తిగా శుభ్రం చేశాకే వెయ్యండి, అయోడిన్ కూడా వెండిని కట్టి పడేస్తుంది. స్లఫ్ కరిగించే ఎంజైము మందులూ దీని జతకి పనికిరావు. ఎంఆర్ఐకి వెళ్లే ముందు తీసెయ్యాలి. రేడియేషన్‌కి వెళ్లే ముందు తీయడమే కాక, చర్మం మీద మిగిలిన వెండిని కూడా కడగాలి.

సిల్వర్ సల్ఫాడయాజిన్ తెల్ల క్రీముతో పోలిస్తే? ఆ క్రీము 1968 నుంచి ఉంది, చవక, ఊళ్లో మందుల షాపులోనూ దొరుకుతుంది. కానీ రోజుకి ఒకటి రెండుసార్లు కడిగి మళ్లీ పూయాలి. మూడు రోజుల్లో మూడు నుంచి ఆరు డ్రెస్సింగులు, అన్నిసార్లూ నొప్పి. పైగా అది రసితో కలిసి మీగడలా కట్టే పొర వల్ల లోపల పుండు ఎంత లోతో తెలియదు. పిల్లల కాలిన గాయాల్లో నొప్పి తగ్గుతుందన్న ఒక్క కారణానికే నానో సిల్వర్ ఖర్చు గిట్టుబాటు అవుతుందని మా అభిప్రాయం. ట్యూబుల్లో వచ్చే నానో సిల్వర్ జెల్ వేరే సరుకు. లేబుల్ మీద 0.002 శాతం అని ఉంటే 20 పీపీఎం అన్నమాట. చిన్న గాయాలకి సరే, రసి కారే పుండు మీద అది పూయగానే కొట్టుకుపోతుంది.

వెండి సూక్ష్మజీవులకే కాదు, కొత్తగా పుట్టే చర్మకణాలకీ విషమే. అందుకే శుభ్రంగా ఉన్న చోట వేస్తే లాభం లేకపోగా మానడం ఆలస్యమవుతుంది. గ్రాఫ్ట్ (వేరే చోట చర్మం అతికించడం) కోసం చర్మం తీసిన చోటు, అంటే డోనర్ సైట్ మీద 2001లో పోల్చి చూస్తే, వెండి లేని ఫోమ్ డ్రెస్సింగ్ కిందే చర్మం త్వరగా పట్టింది. కాలి సిరల పుండ్ల మీద బ్రిటన్‌లో 213 మందితో చేసి 2009లో ప్రచురించిన వల్కన్ ట్రయల్‌లో సిల్వర్‌కీ మామూలు డ్రెస్సింగుకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. షుగరు పుండ్లని మాన్పడానికి సిల్వర్ వాడొద్దని అంతర్జాతీయ డయాబెటిక్ ఫుట్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అక్కడ ముందు కాలి మీద బరువు తగ్గాలి, రక్తప్రసరణ చూడాలి. 2012 నిపుణుల ఏకాభిప్రాయ పత్రం రెండు వారాల గడువు పెట్టింది: రెండు వారాలకి ఇన్‌ఫెక్షన్ తగ్గితే ఆపండి, ఏమాత్రం మార్పు లేకపోతే రోగిని మళ్లీ మొదటి నుంచి పరీక్షించండి. ఒంట్లో పెద్ద భాగం కాలినప్పుడు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 30 శాతం కాలిన 17 ఏళ్ల కుర్రాడికి ఈ డ్రెస్సింగ్ వాడాక ముఖం బూడిదరంగుకి తిరిగి, లివర్ ఎంజైములు పెరిగిన కేసు 2006లో ప్రచురితమైంది. తీసేశాక తగ్గాయి.

నానో వెండి చర్మ క్యాన్సర్‌ని నయం చేస్తుందని అక్కడక్కడా వినిపిస్తోంది. ప్రయోగశాలలో కణాల మీద చూసిన ఫలితాలకీ ఈ గుడ్డకీ సంబంధం లేదు. నిజానికి ప్రమాదం రెండో వైపు నుంచి ఉంది. ఎప్పుడో చిన్నప్పుడు కాలిన మచ్చ, మోకాలి వెనకో మోచేతి మడతలోనో పదేపదే చిట్లుతూ, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత మానని పుండుగా మారితే అది మార్జోలిన్ అల్సర్ కావచ్చు. అంటే మచ్చలో పుట్టిన స్క్వామస్ సెల్ క్యాన్సర్ (ఒక రకం చర్మ క్యాన్సర్). దాని మీద నానో సిల్వర్ కడితే చీము తగ్గుతుంది, వాసన తగ్గుతుంది, ఇంట్లోవాళ్లు ‘మానుతోంది’ అనుకుంటారు. నెలలు గడిచిపోతాయి. అంచు లేచి గట్టిపడినా, కాలీఫ్లవర్ పువ్వులా పెరిగినా, గాజుగుడ్డ తగిలితేనే రక్తం వస్తున్నా కట్టు ఆపి బయాప్సీకి (ముక్క తీసి చేసే ల్యాబ్ పరీక్ష) పంపండి. ముక్క పుండు మధ్యలోంచి ఒక్కచోటే తీస్తే చచ్చిన కండ మాత్రమే రావచ్చు, అంచుల నుంచి నాలుగైదు చోట్ల తీయమని అడగండి. ల్యాబ్ ఫారంలో ‘మానని పుండు’ అని ఊరుకోకుండా ‘పాత కాలిన మచ్చ మీద పుండు’ అనీ, ఒళ్లు కాలి ఎన్నేళ్లయిందీ రాయండి.