జాగ్రత్త: మమ్మల్ని అడగకుండా మా బాబుకు సిరప్ తాగించిన డేకేర్

నిజాంపేట రోడ్డు వైపు డేకేర్ వెతుకుతున్నవాళ్ళు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. పేరు రాయడం లేదు. మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల పిల్లల్లో సగం మంది వెళ్ళేది అక్కడికే, ఇటువైపు ఉన్నవాళ్ళకు అదేదో తెలిసిపోతుంది.

మా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం, మరోపక్క ఎంబీఏ చదువుతున్నాను. బాబుకు ఏడాదిన్నర. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ ఏర్పాటు చేయాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు కానీ, మా ఆఫీసు మాట్లాడి పెట్టిన దాంట్లో ఖాళీ లేదు. అందుకే ఇంటి దగ్గర చేర్చాం. అడ్మిషన్ 15 వేలు, మూడు నెలల ఫీజు అడ్వాన్సుగా 42 వేలు. మొదట్లో ఏడ్చాడు, తర్వాత ఆయాకు బాగా అలవాటు పడ్డాడు.

మొన్న బుధవారం ఓయూలో నాకు సెమిస్టర్ పరీక్ష. హాల్లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. ఆ సంగతి ముందురోజే అక్కడి మేడమ్‌కి చెప్పి, మెసేజ్ కూడా పెట్టాను. ఏ అవసరం వచ్చినా మా ఆయనకు చేయండి, ఆయన ఎత్తకపోతే కూకట్‌పల్లిలో మా అత్తగారు ఉన్నారు, ఆటోలో వచ్చేస్తారు అని. "మీరు టెన్షన్ పడకుండా పరీక్ష రాసుకోండి" అని జవాబిచ్చారు.

పరీక్ష అయ్యాక ఫోన్ ఆన్ చేస్తే డేకేర్ నుంచి మెసేజ్: "లంచ్ మొత్తం తిన్నాడు. హాయిగా పడుకున్నాడు." పక్కన నవ్వు బొమ్మ. తార్నాకలో మెట్రో ఎక్కుతూ అది చూసి ఎంత సంతోషపడ్డానో.

నేను వెళ్ళేసరికి ఇంకా పడుకునే ఉన్నాడు. ఎత్తుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. పిలిస్తే కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసేశాడు. తల భుజం మీద వాలిపోయింది. చొక్కా కాలరంతా జిగట, తియ్యటి వాసన. బ్యాగులో చూస్తే పొద్దున పెట్టిన పప్పన్నం పెట్టినట్టే ఉంది. ఆయాను అడిగాను. భయపడుతూనే నిజం చెప్పింది. "పొద్దుగాల నుంచే ఒళ్ళు కాలుతుండె మేడమ్. ఒకటే ఏడుస్తుండె. పెద్ద మేడమ్‌ని అడిగితే ఆ మందు తాపు, పంటడు అన్నది. తాపిన."

ఏ మందు అంటే సీసా తెచ్చి చూపించింది. జలుబు సిరప్. మాది కాదు, వేరే పాప పేరుతో స్టిక్కర్ ఉంది. నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీదే అచ్చేసి ఉంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన ఈ రకం సిరప్‌ల మీద ఆ హెచ్చరిక వేయాలని 2023 డిసెంబరులోనే ఆదేశాలు వచ్చాయి. రెండేళ్ళలోపు వాళ్ళకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ మళ్ళీ చెప్పింది. క్లోర్‌ఫెనిరమిన్‌తో మత్తు వస్తుంది. జ్వరంతో ఏడుస్తున్న పిల్లాడిని దాంతో పడుకోబెట్టి, హాయిగా పడుకున్నాడని నాకు మెసేజ్ పెట్టారు.

ఆసుపత్రికి తీసుకెళ్తే జ్వరం 103 ఉంది. ఏం మందు, ఎంత, ఎన్ని గంటలకు అని డాక్టరు గారు మొదట అడిగారు. సీసా ఫోటో తప్ప మా దగ్గర ఏమీ లేదు, వాళ్ళు ఎక్కడా రాసిపెట్టలేదు. పారాసిటమాల్ కూడా పోశారేమో తెలియదు. అది పిల్లల బరువును బట్టి ఇచ్చే మందు, పైగా 5 మి.లీ.కి 120, 250 మిల్లీగ్రాములని రెండు బలాల్లో దొరుకుతుంది, అదే చెంచాకు డోసు రెట్టింపు అయిపోతుంది. సాయంత్రం దాకా అక్కడే ఉంచి చూశారు. ఇప్పుడు జ్వరం తగ్గింది, ఆడుకుంటున్నాడు.

మర్నాడు అడగడానికి వెళ్తే ఆ పెద్ద మేడమ్ కుర్చీలోంచి లేవలేదు. "జలుబు మందే కదమ్మా, విషమేం కాదుగా" అంది. ఫోన్ ఎందుకు చేయలేదంటే పరీక్షలో ఉన్నారు కదా అంది. మా ఆయన నంబరు, అత్తగారి నంబరు ఫారంలోనే ఉన్నాయి కదా అన్నాను. అప్పుడు, పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్ళ ముందే గొంతు పెంచి, "చదువూ కావాలి, ఉద్యోగమూ కావాలి, పిల్లలూ కావాలంటే ఎట్లా? అంత బెంగ ఉంటే ఇంట్లో కూర్చుని చూసుకోవాలి" అంది. అక్కడున్న ఇద్దరు తల్లులూ తల దించుకున్నారు. వాళ్ళ మెడల్లో కూడా ఆఫీసు ఐడీ కార్డులే ఉన్నాయి.

నేను పరీక్షలో ఉంటాను కాబట్టే అన్ని నంబర్లు ఇచ్చాను. ఒక్కదానికీ ఫోన్ రాలేదు. ఇది నా చదువు మీదికి ఎలా నెడతారు?

పడుకునే గది సీసీటీవీ చూపించమంటే అక్కడ కెమెరా లేదన్నారు. అన్ని గదులూ మొబైల్లో కనిపిస్తాయని చేరేటప్పుడు చెప్పింది వీళ్ళే. మిగిలిన రెండు నెలల 28 వేలు కూడా ఇవ్వరట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం, కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు ఉండదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పాం.

ఆయాను ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. ఆమె చెప్పకపోతే మాకు ఏమీ తెలిసేది కాదు. ఎవరికైనా ఇంట్లో పిల్లల్ని చూసుకునే మనిషి కావాలంటే నన్ను అడగండి.

చేర్చే ముందు ఒకటి చూసుకోండి, మనం ఎప్పుడు వెళ్ళినా లోపలికి రానివ్వాలి. ఆఫీసు క్రెష్‌కైతే తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళొచ్చని 2017 సవరణలోనే ఉంది. ఇక్కడ మమ్మల్ని గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు. మనల్ని అడగకుండా ఏ మందూ ఇవ్వబోమని వాళ్ళతో రాయించుకోండి. మూడు నెలలది ఒకేసారి కట్టొద్దు.

మీ పిల్లలు అక్కడికే వెళ్తుంటే, సాయంత్రం ఇంటికొచ్చాక కూడా మగతగా ఉంటున్నారా గమనించండి. అలా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, సీసా ఫోటో పంపిస్తాను. ఫిర్యాదు అందరం కలిసి ఇద్దాం.