కోలుకునే రోజుల్లో ఇంట్లో ఏ తొట్టి మేలు: ఉప్పునీటి పగడాలా, మంచినీటి మొక్కలా?

పెద్ద ఆపరేషనో, యాక్సిడెంటో అయి నెలల తరబడి ఇంటిపట్టున ఉండాల్సిన మనిషికి అక్వేరియం మంచి తోడు. చేపల తొట్టిని చూస్తూ కూర్చుంటే గుండె వేగం, బీపీ తగ్గుతాయని 2015లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ అక్వేరియంలో చేసిన పరిశోధనలో కూడా తేలింది. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఉండేవాళ్లు అందం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు నీళ్లు మోసేదెవరో తేల్చుకోవాలి.

నీళ్లు లీటరుకు కిలో బరువు. 20 లీటర్ల క్యాన్ ఎత్తడం కడుపు కోసినవాళ్లకు, నడుము దెబ్బతిన్నవాళ్లకు కూడని పని. 100 లీటర్ల పగడాల తొట్టికి వారానికి 10 లీటర్లు మార్చాలి, అదీ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) సున్నా ఉన్న నీళ్లతో. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు చాలవు. దాని తర్వాత మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ క్యాట్రిడ్జ్ తగిలించాలి, లేకపోతే నాచు పగడాలను కమ్మేస్తుంది. ఆ నీళ్లలో లీటరుకు సుమారు 36 గ్రాముల అక్వేరియం సాల్ట్ (వంటుప్పు కాదు) వేసి, చిన్న పంపుతో రాత్రంతా తిప్పి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 వచ్చాకే పోయాలి. 5 లీటర్ల క్యాన్లు రెండు, ఒక సబ్‌మెర్సిబుల్ పంపు, పైపు ఉంటే ఎత్తే పని చాలావరకు తప్పుతుంది. మంచినీటి తొట్టికి ఈ తంటా లేదు. గిన్నెలకు తెల్లగా పట్టే మన బోరు నీళ్లే గప్పీ, మోలీ, ప్లాటీ చేపలకు హాయి. కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు బకెట్లో నిలవుంచాలి.

అసలు చిక్కు ఎండాకాలంతో. పగడాలకు 25, 26 డిగ్రీలు కావాలి. 29 దాటి రోజుల తరబడి ఉంటే వాటి ఒంట్లోని సూక్ష్మ నాచు బయటికి పోయి తెల్లబడతాయి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీద చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. గది 36 ఉన్నప్పుడు అది ఏ మూలకూ సరిపోదు. నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమో, ఏసీ గదో తప్పదు. చిల్లర్ వేడిగాలి వదులుతుంది, కాబట్టి రోగి మంచం పక్కన పెట్టకండి. కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్ దాన్ని ఎక్కువసేపు మోయలేదు, బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉండాలి. మొక్కల తొట్టిలో గప్పీలు 30 డిగ్రీలు కూడా ఓర్చుకుంటాయి. అనుబియాస్, జావా ఫెర్న్ మొక్కలకు ఖరీదైన లైటు కూడా అక్కర్లేదు.

చిన్న తొట్టి తేలిక అనుకుని 30 లీటర్ల పగడాల తొట్టి కొనేవాళ్లున్నారు. మా మాటగా, అది కొనకండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. 100 లీటర్లలో 4 లీటర్లు పోతే ఉప్పు లీటరుకు 35 గ్రాముల నుంచి 36.5కి పెరుగుతుంది. 30 లీటర్లలో 2 లీటర్లు పోతేనే 37.5 అవుతుంది. తరిగిన మేర డీఐ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోయకూడదు.

మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వస్తే? మొక్కల తొట్టిలో ఎదిగిన చేపలు వారం రోజులు మేత లేకున్నా బతుకుతాయి. పగడాల తొట్టికి రోజూ మూడు లీటర్లు తరిగితే, తరిగిన నీళ్లను తనంతట తానే నింపే ఆటో టాప్ ఆఫ్‌కి 20 లీటర్ల డబ్బా పెట్టినా ఆరు రోజులే. ఆ తర్వాత ఇంకొకరు చూసుకోవాల్సిందే.

ఇన్ఫెక్షన్ విషయంలో రెండు తొట్లూ ఒకటే. చేతికి గాయం ఉంటే మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అనే బ్యాక్టీరియా లోపలికి దిగొచ్చు, త్వరగా మానని పుండు పడుతుంది. కీమో, స్టెరాయిడ్లు, డయాలసిస్ నడుస్తున్నవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు తొట్టిలో చెయ్యి పెట్టనే కూడదు. పొడవాటి గ్లవ్స్ వేసుకుని ఇంట్లోవాళ్లు చేయాలి. పైపును నోటితో పీల్చడం ఎవరికీ వద్దు. పగడాల్లో జోయాంథిడ్లనే రకం అసలే వద్దు, వాటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. అవి అంటుకున్న రాయిని మరిగిస్తే ఆ ఆవిరి ప్రాణాల మీదికి తెస్తుంది. మష్రూమ్, లెదర్ అనే మెత్తటి పగడాల రకాలు చాలు. రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1లో (గట్టి రక్షణ ఉన్న జాబితా) ఉన్నాయి, కాబట్టి వాటి జోలికి పోకండి. సముద్రం నుంచి తెచ్చిన లైవ్ రాక్ (జీవులు పట్టిన రాయి) బదులు సెరామిక్ రాళ్లు వాడండి. హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలే అడిగి తీసుకోండి.

మందులు ఇంకా నడుస్తుంటే, బరువెత్తొద్దని డాక్టరు చెప్పి ఉంటే, 60 లీటర్ల మొక్కల తొట్టే మేలు. గాయం మానిపోయి, కాళ్లు మాత్రం సహకరించక రోజంతా ఇంట్లో గడిపే మనిషికి, పక్కన ఒక చేయి సాయం ఉంటే, పగడాలే ఎక్కువ ఊరటనిస్తాయి. పొద్దున సాలినిటీ (ఉప్పు శాతం), వారానికోసారి ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) చూసి 8, 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) దగ్గర నిలపడం, లెదర్ కోరల్ విచ్చుకుందో లేదో గమనించడం అన్నీ కూర్చుని చేసే పనులే. వేళ్లు వణికేవాళ్లకు చుక్కలు లెక్కపెట్టే కిట్ కన్నా డిజిటల్ చెకర్ సుఖం.

ఏ తొట్టైనా స్టాండు 70 సెంటీమీటర్లు, గాజు లోతు 40 సెంటీమీటర్లు మించకుండా చూడండి, అప్పుడే వీల్‌చైర్‌లో కూర్చుని అడుగుదాకా పటకారు అందుతుంది. నిండిన 100 లీటర్ల తొట్టి రాళ్లతో కలిపి 130 కిలోలు దాటుతుంది, కాబట్టి ఇనుప స్టాండే పెట్టించండి. నీటిచుక్కలు ప్లగ్గులోకి జారకుండా వైర్లు ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి రావాలి, ఆ లైనుకు 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) వేయించండి.